యాంజియోగ్రామ్ చేయించుకోబోతున్నారా? నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళు ముందే తెలుసుకోవాల్సినవి

నేను నెల్లూరులో ఒక క్యాథ్‌ల్యాబ్‌లో టెక్నీషియన్ని, అంటే గుండె నాళాల దాకా సన్నటి ట్యూబు పంపి ఎక్స్‌రేలో బ్లాకులు చూసే యాంజియోగ్రామ్ చేసే గదిలో. డాక్టర్ని కాదు కాబట్టి ఎవరికి స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వెయ్యాలి, ఎవరికి అక్కర్లేదు అని నేను తేల్చను. కానీ మన వైపు జనం ఏ భయంతో వస్తారో, ఏం తెలియక ఇబ్బంది పడతారో రోజూ చూస్తున్నాను కనుక పేషెంటూ, వెంట వచ్చేవాళ్ళూ ఏమేం చూసుకోవాలో చెప్పగలను. అన్నిటికంటే ముఖ్యమైనది ఇక్కడే చెప్పేస్తాను. గుండెపోటు కానప్పుడు స్టెంట్ గురించి మాట్లాడుకోవాల్సింది పేషెంటు క్యాథ్‌ల్యాబ్ బల్ల ఎక్కకముందే. ఎక్కాక బయట నిలబడి మాట్లాడుకునే మాటలు మాటలే కావు, అంతా టెన్షనే. గుండెపోటు అయితే మాత్రం ఇది పూర్తిగా తిరగబడుతుంది, అక్కడ చర్చలు పెట్టుకోకూడదు. అందుకని ముందు ఆ సంగతి.

గుండెపోటు అనిపిస్తే

ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువు, ఎడమ చేతికో దవడకో నొప్పి లాగడం, ఒళ్ళంతా చెమటలు. మన ఇళ్ళలో దీనికి మొదట దొరికే మాట "గ్యాసేలే, కాస్త సోడా తాగు". షుగర్ ఉన్నవాళ్ళకీ, ఆడవాళ్ళకీ ఒక్కోసారి నొప్పి ఉండనే ఉండదు, ఆయాసం, వాంతి, నీరసం మాత్రమే ఉంటాయి, దాంతో ఇంకా ఆలస్యం అవుతుంది. గ్యాసో గుండో ఇంట్లో తేలదు, ఈసీజీ తీయాల్సిందే. బండి వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళకండి, 108కి ఫోన్ చేయండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉందన్నా నొప్పి తగ్గకపోతే కాసేపాగి మళ్ళీ తీయమని అడగండి, మొదటిదాంట్లో దొరకనిది రెండోదాంట్లో బయటపడడం మామూలే.

ఇప్పుడు మన జిల్లాల అసలు సమస్య, దూరం. నెల్లూరు టౌన్లోనో ఒంగోలు టౌన్లోనో ఉన్నవాళ్ళు నేరుగా క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆస్పత్రికి పోవచ్చు. ఉదయగిరి నుంచి నెల్లూరుకి వంద కిలోమీటర్ల దరిదాపు, కనిగిరి నుంచి ఒంగోలుకీ తక్కువేం కాదు. ఈసీజీలో పెద్ద గుండెపోటు అని తేలాక రెండు గంటల్లోపు మూసుకుపోయిన నాళాన్ని బెలూన్‌తో తెరిపించుకునే అవకాశం లేకపోతే, ఉన్నచోటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేయించుకుని తర్వాత బయల్దేరాలి, పద్ధతి అదే. టెనెక్టిప్లేజ్ అనే ఆ ఇంజెక్షన్ బయట కొంటే వేలల్లో ఉంటుంది, ప్రభుత్వ ఏరియా ఆస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. నొప్పి మొదలైన 12 గంటల్లోపు పనికొస్తుంది, మొదటి రెండు మూడు గంటల్లో అయితే ఇంకా బాగా. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయినవాళ్ళకీ, ఈమధ్య పెద్ద ఆపరేషన్ అయినవాళ్ళకీ వేయరు, అలాంటివి ఉంటే దాచకుండా చెప్పాలి. ఇంజెక్షన్ పడింది, నొప్పి తగ్గింది, ఇంటికి పోదాం అనుకోవద్దు, 2 నుంచి 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ జరగాలి. నొప్పి తగ్గకపోతే అంతసేపు కూడా ఆగరు, వెంటనే చేస్తారు.

ఇంకో మాట. "మద్రాసు తీసుకుపోదాం" అనేది మన వైపు పాత అలవాటు. బైపాస్ (బ్లాకుని దాటించి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్) కోసం, రెండో అభిప్రాయం కోసం నిక్షేపంగా వెళ్ళండి. గుండెపోటు నడుస్తుండగా మాత్రం నెల్లూరు దాటి ఇంకో 175 కిలోమీటర్లు పోవడం అంటే గుండె కండరాన్ని దారిపొడవునా పోగొట్టుకుంటూ పోవడమే.

గుండెపోటు కాకుండా, "యాంజియో చేయించండి" అని రాసిస్తే

ఇక్కడ మీకు టైముంది. మొదట అడగాల్సిన ప్రశ్న, ఎందుకు రాశారు? నడిస్తే ఛాతీ పట్టేస్తోందా, ట్రెడ్‌మిల్ టెస్ట్ తేడా వచ్చిందా, ఎకోలో పంపింగ్ తగ్గిందా, లేక ఊరికే మాస్టర్ చెకప్‌లో ఏదో కనిపించిందా? చివరిదైతే, లక్షణాలు పెద్దగా లేకపోతే, సీటీ యాంజియో సరిపోతుందా అని అడగండి. అందులో గుండె దాకా ట్యూబు పోదు, చేతి నరానికి డై (నాళాలు బొమ్మలో కనబడేలా చేసే మందు) ఎక్కించి స్కాన్ తీస్తారు. బ్లాకులు లేవు అని తేల్చడంలో అది చాలా గట్టిది. కాల్షియం బాగా పేరుకున్న పెద్దవాళ్ళలో, గుండె వేగం తగ్గని వాళ్ళలో మాత్రం బొమ్మ సరిగా రాదు.

సరే, ట్యూబుతో చేసే యాంజియోగ్రామే కావాలన్నారు. తేదీ ఇచ్చారు. అప్పుడు చూసుకోవాల్సినవి.

కిడ్నీ. దీన్ని మొదట ఎందుకు పెట్టానంటే ఇది మన ప్రాంతపు విషయం. కనిగిరి, పీసీపల్లి వైపు ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళూ, కిడ్నీ జబ్బులూ ఎంత ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. యాంజియోగ్రామ్‌లో ఎక్కించే డై అయోడిన్‌తో చేసింది, అది కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. క్రియాటినిన్ టెస్ట్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష) లేకుండా ఎవరూ ప్లాన్ చేసిన యాంజియో చేయరు, కానీ ఆ నంబరు ఎంతో మీరూ అడిగి తెలుసుకోండి. 1.5 దాటిందంటే చేయకూడదని కాదు, ముందూ వెనకా సెలైన్ పెట్టి, డై తక్కువ వాడి చేస్తారు, అవసరమైతే స్టెంట్ ఇంకో రోజుకి పెడతారు. అంతకు వారం ముందు నుంచి మోకాళ్ళ నొప్పికని, నడుం నొప్పికని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూదులు పొడిపించుకోవద్దు. నాటుమందులు వాడుతుంటే సిగ్గుపడకుండా చెప్పండి.

మందులు. వేసుకునే ప్రతి బిళ్ళా, షీటుతో సహా ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి. "తెల్ల బిళ్ళ, పొద్దున పూట" అంటే మాకు అర్థం కాదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, కిడ్నీ పరిస్థితిని బట్టి ఆ రోజూ, తర్వాత రెండు రోజులూ ఆపమంటారు. ఖాళీ కడుపుతో ఉంటారు కాబట్టి ఇన్సులిన్ ఎంత, ఎప్పుడు అనేది ముందు రోజే అడిగి రాయించుకోండి. వాల్వ్ పేషెంట్లు రక్తం గడ్డ కట్టకుండా వాడే ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివి ఎప్పుడు ఆపాలో, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలుచగా ఉందో చెప్పే నంబరు) ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపొద్దు. బీపీ బిళ్ళలు మామూలుగా గుక్కెడు నీళ్ళతో వేసుకోమంటారు.

ఇంతకుముందు స్కాన్ డై పడక దద్దుర్లు వచ్చాయా, ఆయాసం వచ్చిందా? రొయ్యలు పడకపోవడానికీ డైకీ సంబంధం ఉందని చాలామంది భయపడతారు (మనం రొయ్యల జిల్లా వాళ్ళం కదా, ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది), అలాంటిదేం లేదు. ముందోసారి డై పడకపోయి ఉంటేనే అసలు జాగ్రత్త, ముందుగా మందులిచ్చి చేస్తారు.

ఘనాహారం ఆపి ఆరు గంటలు ఉంటే చాలు. రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఎండగట్టుకుని రావడం కిడ్నీకే చేటు, నీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో అడగండి.

డబ్బు సంగతి. రేషన్ కార్డు, ఆధార్ పెట్టుకుని ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్‌కి అడ్మిషన్‌కి ముందే వెళ్ళండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. మూడు ప్రశ్నలు సూటిగా అడగండి: ఈ ఆస్పత్రికి గుండె విభాగంలో పథకం వర్తిస్తుందా, ఒట్టి యాంజియోగ్రామ్‌తో ఆపితే ఖర్చు ఎవరిది, స్టెంట్ అవసరమైతే అనుమతికి ఎంతసేపు పడుతుంది. మూడోదానికి జవాబు తెలియకుండా బల్ల ఎక్కితే చివర్లో "ఇప్పటికి క్యాష్ కట్టండి" అనే మాట వినాల్సి రావచ్చు.

బల్ల మీద ఏం జరుగుతుంది

"అబ్బయ్యా, గుండె కోస్తారా?" అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. కొయ్యరు. మత్తు కూడా ఇవ్వరు, మెలకువగానే ఉంటారు. మణికట్టు దగ్గరో గజ్జలోనో చిన్న సూది మొద్దుబార్చడానికి వేస్తారు, పన్ను పీకేటప్పుడు వేసే మందు లాంటిదే. అక్కడి నుంచి రక్తనాళంలోకి రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మందం ఉండే షీత్ అనే పొట్టి గొట్టం పెట్టి, అందులోంచి క్యాథటర్ అనే పొడవాటి సన్నటి ట్యూబుని గుండె దాకా పంపిస్తాం. లోపలికి పోతున్నట్టు తెలియదు, రక్తనాళం లోపలి గోడకి స్పర్శ ఉండదు. చేతి నుంచి చేస్తే ఒక్కోసారి ముంజేయి పట్టేసినట్టు, మంటగా ఉంటుంది, అప్పుడు ఓర్చుకోకుండా చెప్పండి, మందిస్తారు. డై వదిలినప్పుడు ఒంట్లో వేడి పాకవచ్చు. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టండి, దగ్గమంటే దగ్గండి, చెయ్యి మాత్రం కదపొద్దు. గది చల్లగా ఉంటుంది, ఆ వణుకుని చూసి బీపీ పడిపోయిందని కంగారు పడకండి. యాంజియోగ్రామ్ వరకే అయితే పావుగంట, అరగంట.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతి నరంలోకి తనే ట్యూబు గుండె దాకా దూర్చుకుని, నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్ళి ఫొటో తీయించుకున్నాడు. అప్పుడు చీవాట్లు తిన్నాడు, 1956లో నోబెల్ వచ్చింది. గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో మొదటిసారి వెడల్పు చేసింది 1977లో, జూరిక్‌లో, ఆండ్రియాస్ గ్రుంట్జిగ్. ఆ పేషెంటు కూడా మెలకువగానే ఉన్నాడు. భయపడే వాళ్ళకి నేనిది చెబుతుంటాను, కొంతమందికి ధైర్యం వస్తుంది, కొంతమందికి ఇంకా భయం వేస్తుంది.

రిస్క్ లేదా అంటే ఉంది. ఒట్టి యాంజియోగ్రామ్‌లో పెద్ద ప్రమాదాలు నూటికి ఒకటి కంటే తక్కువ. స్ట్రోక్, రక్తనాళం చీలడం, రక్తస్రావం అన్నీ సంతకం పెట్టే కాగితంలో ఉంటాయి. చదివి పెట్టండి, చదవడం రాకపోతే చదివించుకోండి.

తలుపు తీసి "బ్లాకులున్నాయి, స్టెంట్ వేసేద్దామా" అంటే

అసలు కష్టం ఇక్కడే. లోపల పెద్దాయన బల్ల మీద, బయట కొడుకు, కూతురు, బావమరిది. పెద్ద కొడుకేమో బెంగళూరులో, ఫోన్ ఎత్తడు. స్క్రీన్ మీద బొమ్మ చూపించి "ఇక్కడ 90 శాతం" అంటారు. ఎవరికీ ఏం అర్థం కాదు, అయినా ఐదు నిమిషాల్లో చెప్పాలి.

ఈ పరిస్థితి రాకుండా ముందు రోజే డాక్టర్ని ఇలా అడగండి: "సార్, బ్లాక్ ఉంటే ఏ పరిస్థితిలో అప్పుడే స్టెంట్ వేస్తారు, ఏ పరిస్థితిలో ఆపి మాతో మాట్లాడతారు?" దీనికి మంచి డాక్టర్ ఎవరూ కోప్పడరు. జవాబు కాగితం మీద రాసుకోండి. ఇంట్లో నిర్ణయం చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి ఆ రోజు అక్కడే ఉండాలి, పేషెంటు మనసులో ఏముందో ముందే అడిగి ఉండాలి. మన వాళ్ళు పేషెంటుని తప్ప అందరినీ అడుగుతారు, ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

జవాబు అర్థం చేసుకోవడానికి కొన్ని లెక్కలు. పెద్ద నాళాల్లో 70 శాతం దాటితే గట్టి బ్లాక్ అంటారు, మొదట్లోనే ఉండే లెఫ్ట్ మెయిన్ అనే ఎడమ పెద్ద నాళంలో అయితే 50 శాతమైనా గట్టి బ్లాకే. ఈ శాతాలు కంటితో చూసి వేసే అంచనాలు, అందుకే 50-70 మధ్య ఉన్నప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఆర్ అనే ప్రెజర్ వైర్ పెట్టి కొలవొచ్చు, 0.80 అంతకంటే తక్కువ వస్తే ఆ బ్లాక్ నిజంగా రక్తాన్ని ఆపుతున్నట్టు. అన్ని చోట్లా ఆ వైరు ఉండదు, ఉందా అని అడగడంలో తప్పు లేదు.

లెఫ్ట్ మెయిన్ గానీ, మూడు నాళాల్లోనూ బ్లాకులు గానీ ఉండి, అందులో షుగర్ కూడా ఉంటే, ఆగండి. షుగర్ ఉండి ఒకటి కంటే ఎక్కువ నాళాల్లో బ్లాకులు ఉన్నవాళ్ళలో బైపాస్ చేయించుకున్నవాళ్ళే ఎక్కువ కాలం బతికారని ఫ్రీడమ్ అనే పెద్ద ట్రయల్ (పేషెంట్లని రెండు గుంపులుగా చేసి పోల్చే పరిశోధన) 2012లో చూపించింది. అలాంటప్పుడు గుండె సర్జన్‌తో మాట్లాడకుండా నాలుగు స్టెంట్లకి ఒప్పుకోవడం తొందరపాటు. ఇక నిలకడగా ఉన్న ఛాతీ నొప్పి, నడిస్తే వచ్చి కూర్చుంటే పోయేది, దాని సంగతి వేరు. 5,179 మందితో చేసిన ఇస్కీమియా ట్రయల్ ఫలితాలు 2019లో బయటికొచ్చాయి. మందులతో మొదలుపెట్టిన వాళ్ళకీ, వెంటనే స్టెంట్ గానీ బైపాస్ గానీ చేయించుకున్న వాళ్ళకీ ప్రాణాల విషయంలో తేడా రాలేదు. నొప్పి మాత్రం చేయించుకున్న వాళ్ళకి బాగా తగ్గింది. అంటే స్టెంట్ దండగని కాదు, "ఇప్పుడు వెయ్యకపోతే రేపటికి ఉండడు" అనే మాట ఈ రకం పేషెంట్లకి వర్తించదని. లెఫ్ట్ మెయిన్ ఉన్నవాళ్ళని ఆ ట్రయల్లో చేర్చుకోలేదు, పంపింగ్ బాగా తగ్గినవాళ్ళనీ చేర్చుకోలేదు, వాళ్ళకి ఈ లెక్క పనికిరాదు.

ఆపి ఆలోచించుకుంటాం అంటే షీత్ తీసేసి పంపిస్తారు. సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడిగి తీసుకోండి. రిపోర్టు కాగితాన్ని వాట్సాప్‌లో పంపిస్తే ఏ డాక్టరూ అభిప్రాయం చెప్పలేడు, కదిలే బొమ్మ చూడాలి.

స్టెంట్ వేస్తే: బెలూన్ ఉబ్బించిన కొన్ని సెకన్లు ఛాతీ నొప్పి రావొచ్చు, అదీ చెప్పండి. స్టెంట్ ధరకి కేంద్రం 2017 ఫిబ్రవరిలో పరిమితి పెట్టింది, మందు పూసిన స్టెంట్‌కి అప్పట్లో 29,600 రూపాయలు. ఏటా సవరిస్తూ వస్తున్నారు, ఇప్పుడు 40 వేలకి అటూ ఇటూగా ఉంది, పన్ను అదనం. కాబట్టి "ఇది ఫారిన్ స్టెంట్, లక్షన్నర" అంటే నమ్మకండి. బిల్లులో స్టెంట్ ధర విడిగా, కంపెనీ పేరు, బ్యాచ్ నంబరుతో రాయాలి. బెలూన్లు, వైర్లు, రూము, డాక్టరు ఫీజు వేరే, మొత్తం పెరిగేది అక్కడే, ముందే అంచనా అడగండి. స్టెంట్ స్టిక్కర్ అతికించిన కార్డు ఇస్తారు, దాన్ని ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి.

ఇంటికొచ్చాక

చేతి నుంచి చేసి ఉంటే మణికట్టుకి కొన్ని గంటలు బ్యాండ్ ఉంటుంది, గజ్జ నుంచి చేస్తే ఆ కాలు మడవకుండా నాలుగు నుంచి ఆరు గంటలు పడుకోవాలి. డాక్టరు వద్దనకపోతే నీళ్ళు బాగా తాగాలి. పంపింగ్ తక్కువ ఉన్నవాళ్ళకి ఎంత అనేది వాళ్ళే చెబుతారు. కొన్ని రోజులు బిందెలు, బస్తాలు ఎత్తొద్దు, బండి ఎప్పటి నుంచి నడపొచ్చో డిశ్చార్జ్ రోజే అడగండి. కాస్త కమిలినట్టు నల్లబడడం మామూలే. వాపు పెరుగుతున్నా, రక్తం కారుతున్నా, వేలితో గట్టిగా నొక్కి పట్టుకునే ఆస్పత్రికి బయల్దేరండి. చెయ్యి చల్లబడినా, మూత్రం తగ్గినా, జ్వరం వచ్చినా రేపు చూద్దాం అనుకోవద్దు.

బిళ్ళల దగ్గర అసలు రాజీ పడొద్దు. స్టెంట్ పడ్డాక రక్తం గడ్డ కట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్‌లలో ఒకటి ఇస్తారు. గుండెపోటు వచ్చి వేసుంటే మామూలుగా ఏడాది, నిలకడ నొప్పికి వేసుంటే ఆరు నెలలు, ఆ తర్వాత కూడా ఒక బిళ్ళ కొనసాగుతుంది. మధ్యలో ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు, అది మొదటి గుండెపోటు కంటే చెడ్డది. పన్ను పీకించుకోవడానికని, తిరునాళ్ళకని, షాపులో అయిపోయాయని ఆపొద్దు. టికాగ్రెలార్ రోజుకి రెండు పూటలు, కొంతమందికి దాంతో ఆయాసంలా అనిపిస్తుంది, ఆపకుండా డాక్టరుకి చెబితే మారుస్తారు. కొలెస్ట్రాల్ బిళ్ళ కూడా మానొద్దు. నిమ్మతోటలో డ్రిప్పు పైపు ఒకచోట పట్టిన గారని గీకినంత మాత్రాన బోరు నీళ్ళలో ఉప్పు పోదు కదా, మిగతా పైపులకి పట్టేది పడుతూనే ఉంటుంది. బీడీ, సిగరెట్ సంగతి వేరే చెప్పాలా.

గుండె నాళాలకే కాదు

ఇదే క్యాథటర్ దారిలో ఇంకా చాలా చేస్తారు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి మైట్రల్ వాల్వ్ బిగుసుకుపోయిన వాళ్ళకి, వాల్వ్ తీరు బాగుంటే, బెలూన్‌తో తెరవొచ్చు, ఛాతీ కోయక్కర్లేదు. గర్భం రాకముందే ఎకో చేయించుకుని ఇది తేల్చుకుంటే ఆడపిల్లలకి పెద్ద ఆపద తప్పుతుంది. పిల్లల గుండెలో రంధ్రాలు కొన్ని గొడుగులాంటి పరికరంతో మూసేస్తారు, మనకి దగ్గర్లో తిరుపతిలో టీటీడీ వాళ్ళ శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 నుంచి నడుస్తోంది. నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతూ, కాలి వేలి మీద పుండు మానకపోతే అది కాలి నాళాల్లో బ్లాక్ కావొచ్చు. వేలు తీసేయాలి అని ఎవరన్నా అంటే, దానికి ముందు కాలి డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్), అవసరమైతే యాంజియో చేయించండి, బెలూన్‌తో రక్తం పారితే పుండు మానే అవకాశం ఉంటుంది. డయాలిసిస్ చేయించుకునే వాళ్ళ చేతి ఫిస్టులాలో (డయాలిసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళంలో) రక్తం తగ్గినా, దాని మీద చెయ్యి పెడితే తెలిసే జుమ్మనే అదురు పోయినా, బెలూన్‌తో మళ్ళీ తెరవొచ్చు, కానీ పూర్తిగా గడ్డ కట్టి రోజులు గడిస్తే కష్టం. కనిగిరి వైపు డయాలిసిస్ వాళ్ళు ఆ అదురుని రోజూ పొద్దున్నే తడిమి చూసుకోండి, తేడా అనిపిస్తే తర్వాతి డయాలిసిస్ దాకా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి.